కాలేజీ హాల్ టికెట్ ఆపితే హైకోర్టుకు ఎలా వెళ్లాలి

హైదరాబాద్‌లో ఏ సెమిస్టర్ చివర చూసినా ఇదే వరస. పరీక్ష ఫీజు కడదామని వెళ్తే కౌంటర్‌లో "నీ పేరు డిటెన్షన్ లిస్టులో ఉంది" అంటారు, అంటే హాజరు తక్కువని పరీక్షకు ఆపినవాళ్ల జాబితాలో. లేదా "ట్యూషన్ ఫీజు బాకీ తీర్చాకే హాల్ టికెట్" అంటారు. కొందరైతే అన్నీ కట్టేసి నిశ్చింతగా ఉంటారు, తీరా చూస్తే యూనివర్సిటీ పోర్టల్‌లో వాళ్ల పేరే ఉండదు. ఆ తర్వాత అమ్మానాన్నలు ప్రిన్సిపాల్ గది బయట నిలబడటం, తెలిసినవాళ్లతో ఫోన్లు చేయించడం, ఏదీ పనిచేయక పరీక్షకు ముందు రోజు సాయంత్రం లాయర్ని వెతుక్కోవడం.

లాయరు దొరుకుతాడు. కాగితాలు దొరకవు. ఇలాంటి కేసులు ఎక్కువగా అక్కడే దెబ్బతింటాయి.

అందుకే ఈ వ్యాసంలో సగానికి పైగా కోర్టు గడప తొక్కకముందు చేయాల్సిన పనుల గురించే ఉంటుంది. మీ కేసును చూసే లాయరు మాటకు ఇది బదులు కాదు. ఆ లాయరు దగ్గరికి ఏం పట్టుకెళ్లాలో, ఏం అడగాలో తెలియడానికి పనికొస్తుంది.

ముందుగా: కోర్టు ఏం చూస్తుంది, ఏం చూడదు

రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో వేసేది రిట్ పిటిషన్. చాలామంది దీన్ని ప్రిన్సిపాల్ మీద పై అధికారికి పెట్టుకునే అప్పీలు అనుకుంటారు. అది కాదు. మీకు 75 శాతం హాజరు ఉందా లేదా అని జడ్జిగారు రిజిస్టరు తెప్పించుకుని పీరియడ్లు లెక్కపెట్టరు. ఆ నిర్ణయం తీసుకునే అధికారం అవతలివాళ్లకు ఉందా, నిబంధన ప్రకారమే తీసుకున్నారా, మీ మాట విన్నారా, కారణం చెప్పారా, ఒకే స్థితిలో ఉన్న ఇద్దరిని రెండు రకాలుగా చూశారా అన్నవి చూస్తారు. న్యాయ సమీక్ష అంటే ఇదే. నిర్ణయం తప్పా ఒప్పా అన్నదానికంటే దాన్ని ఎలా తీసుకున్నారన్నదే అక్కడ ప్రశ్న.

చదువుల విషయంలో కోర్టులు మరీ ఆచితూచి అడుగు వేస్తాయి. మహారాష్ట్ర బోర్డు, పరితోష్ భూపేశ్‌కుమార్ సేథ్ కేసులో 1984లో సుప్రీంకోర్టు ఈ సంగతి గట్టిగానే చెప్పింది. విద్యాసంస్థలు నడిపేవాళ్లు అనుభవంతో పెట్టుకున్న పద్ధతుల స్థానంలో కోర్టు తన అభిప్రాయాన్ని పెట్టకూడదన్నది దాని సారం. కాబట్టి "పాపం, ఏడాది పోతుంది" అన్న ఒక్క వాదనతో వెళ్తే జడ్జిగారు సానుభూతితో వింటారు, పిటిషన్ మాత్రం కొట్టేస్తారు.

1. నిర్ణయం ఎవరిదో తేల్చుకోండి

కౌంటర్‌లో కాదన్న గుమాస్తా నిర్ణేత కాదు. మీ కాలేజీ ఏ రకమో చూసుకోండి.

జేఎన్‌టీయూహెచ్‌కో ఉస్మానియాకో అనుబంధంగా ఉన్న మామూలు కాలేజీ అయితే నిబంధనలు యూనివర్సిటీవి, పరీక్ష యూనివర్సిటీది. కాలేజీ హాజరు లెక్కలు పంపుతుంది, రిజిస్ట్రేషన్ అప్‌లోడ్ చేస్తుంది. అటానమస్ కాలేజీ అయితే పరీక్షలు పెట్టేది కాలేజీ సొంత కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్, డిగ్రీ మాత్రం యూనివర్సిటీ ఇస్తుంది. నగరం చుట్టూ ఉన్న పేరున్న ఇంజనీరింగ్ కాలేజీల్లో చాలావరకు ఈ రకమే. డీమ్డ్ యూనివర్సిటీలో అన్నీ వాళ్లవే. ఇంటర్ అయితే నాంపల్లిలోని ఇంటర్ బోర్డు.

"ప్రైవేటు కాలేజీ కదా, రిట్ నిలబడుతుందా?" అని దాదాపు అందరూ అడుగుతారు. చాలాసార్లు నిలబడుతుంది. 226వ అధికరణ ప్రభుత్వ సంస్థలకే పరిమితం కాదని, ప్రజా కర్తవ్యం నిర్వర్తించే సంస్థ మీద కూడా మాండమస్ (చట్టం ప్రకారం చేయాల్సిన పని చేయమనే కోర్టు ఆదేశం) ఇవ్వొచ్చని 1989లో రుడానీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో అవతల ఉన్నది ఒక ట్రస్టు నడిపే కాలేజీ. డీమ్డ్ యూనివర్సిటీ కూడా రిట్‌కు అతీతం కాదని 2015లో జానెట్ జయపాల్ కేసులో తేలింది. అయితే 2022లో సెయింట్ మేరీస్ ఎడ్యుకేషన్ సొసైటీ కేసులో ఒక గీత గీశారు. ప్రైవేటు సంస్థ చేసే ప్రతి పనీ రిట్ కిందికి రాదు, అందులో ప్రజా కర్తవ్యంతో ముడిపడిన అంశం ఉండాలి. యూనివర్సిటీ నిబంధనల ప్రకారం పరీక్షకు అనుమతించడమా లేదా అన్నది ఆ గీతకు ఇవతలే ఉంటుందని వాదించడానికి గట్టి ఆధారం ఉంది. హాస్టల్ డిపాజిట్ తిరిగి ఇవ్వలేదన్న గొడవకు అంత బలం ఉండదు.

ఇంకో మాట. "కన్స్యూమర్ కోర్టుకు పోదాం, చవక" అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. పరీక్షలు నిర్వహించే బోర్డు వినియోగదారుడికి సేవ అమ్మే వ్యాపారి కాదని 2009లో బిహార్ స్కూల్ ఎగ్జామినేషన్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హాల్ టికెట్ గొడవలో ఆ దారి పట్టి ఉన్న నాలుగు రోజులూ పోగొట్టుకోకండి.

2. కాదన్న మాటను కాగితం మీదకు తెప్పించండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మాండమస్ కూడా అంతే. చేయాల్సిన పని చేయమని మీరు అడగాలి, వాళ్లు కాదనాలి లేదా పలక్కుండా ఊరుకోవాలి, ఆ తర్వాతే కోర్టు. మీరు నోటితో పదిసార్లు బతిమాలినా రికార్డులో అది సున్నా. రేపు కాలేజీ లాయరు లేచి "అసలు ఈ విద్యార్థి మాకు దరఖాస్తే ఇవ్వలేదు" అంటే మీ దగ్గర జవాబు ఉండదు.

కాబట్టి ఒక పేజీ వినతిపత్రం రాయండి. ఇంగ్లిష్‌లో రాస్తే తర్వాత పని తగ్గుతుంది. హైకోర్టు వ్యవహారమంతా ఇంగ్లిష్‌లోనే కనుక తెలుగు కాగితాలకు అనువాదం జతచేయాల్సి వస్తుంది. తెలుగులో రాసినా చెల్లుతుంది. అందులో ఉండాల్సిన సరుకు ఇంతే:

"నేను ఫలానా కోర్సు, ఫలానా సంవత్సరం, హాల్ టికెట్ నంబరు ఇది. ఫలానా తేదీన పరీక్ష ఫీజు కట్టడానికి వస్తే అనుమతించలేదు. కారణం రాతపూర్వకంగా ఇవ్వలేదు. నా హాజరు వివరాలు సబ్జెక్టుల వారీగా ఇప్పించగలరు. ఏ నిబంధన కింద నన్ను ఆపారో తెలియజేయగలరు. ఫలానా రోజుల్లో ఆసుపత్రిలో ఉన్నందుకు ఆధారాలు జతచేశాను, వాటిని పరిశీలించి మినహాయింపు ఇవ్వగలరు. పరీక్షలు ఫలానా తేదీన మొదలవుతున్నందున ఫలానా తేదీలోపు నిర్ణయం తెలపగలరు."

తిట్లు వద్దు, బెదిరింపులు వద్దు, "మా మామయ్య ఫలానా పార్టీ నాయకుడు" అసలే వద్దు. ఈ కాగితం తర్వాత జడ్జిగారి బల్ల మీదకు వెళ్తుందని గుర్తుపెట్టుకుని రాయండి.

రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకటిచ్చి, రెండోదాని మీద ఇన్‌వర్డ్ స్టాంపు (కాగితం అందినట్టు ముద్ర), తేదీ వేయించుకోండి. చాలా కాలేజీల్లో స్టాంపు వేయరు. "అక్కడ పెట్టి వెళ్లు" అంటారు. అప్పుడు గొడవ పెట్టుకోకుండా బయటికొచ్చి అదే కాగితాన్ని ప్రిన్సిపాల్ అధికారిక ఈమెయిల్‌కు పంపండి. యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు, కంట్రోలర్‌కు కాపీ పెట్టండి. పక్కనున్న పోస్టాఫీసులో స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచండి. అదే రోజు చేస్తే మేలు. వాట్సాప్ క్లాస్ గ్రూపులో వచ్చిన డిటెన్షన్ లిస్టు, నోటీసు బోర్డు ఫొటో, పోర్టల్ స్క్రీన్‌షాట్, అన్నీ తేదీ కనిపించేలా తీసిపెట్టుకోండి.

కారణం రాతలో ఉండాలని ఎందుకింత పట్టుబట్టడం? 1977లో మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు ఒక సూత్రం చెప్పింది. ఒక అధికార సంస్థ ఇచ్చిన ఉత్తర్వును అందులో రాసిన కారణాల మీదే తూచాలి, తర్వాత కోర్టులో అఫిడవిట్ (ప్రమాణపత్రం) వేసి కొత్త కారణాలు అతికిస్తే కుదరదు. ఫీజు బాకీ అని ఆపి, కోర్టుకెళ్లాక హాజరు తక్కువని మాట మార్చే కాలేజీకి ఈ సూత్రమే మంచి జవాబు. కానీ మొదటి కారణం ఎక్కడైనా రాసి ఉంటేనే అది పనిచేస్తుంది.

ఈ దశలోనే కొన్ని కాలేజీలు ఒక అండర్‌టేకింగ్ ముందు పెడతాయి. "నా హాజరు తక్కువని ఒప్పుకుంటున్నాను, డిటెన్షన్‌కు అభ్యంతరం లేదు" అన్న అర్థంలో ఉంటుంది. తండ్రి సంతకం కూడా అడుగుతారు. చదవకుండా చేసిన ఆ సంతకం తర్వాత మెడకు చుట్టుకుంటుంది. తప్పనిసరై చేయాల్సి వస్తే "అభ్యంతరంతో సంతకం చేస్తున్నాను" అని పక్కన రాసి, ఫొటో తీసుకోండి.

3. మీ కేసు ఏ బాపతో చూసుకోండి

*హాజరు కేసు.* జేఎన్‌టీయూహెచ్ బీటెక్ నిబంధనల్లో మొత్తం మీద 75 శాతం హాజరు కావాలి. 65కు తగ్గకుండా, 75కు లోపు ఉంటే సరైన కారణం, ఆధారం చూపించిన విద్యార్థికి కాలేజీ అకడమిక్ కమిటీ మినహాయింపు ఇవ్వొచ్చు. దానికి కండోనేషన్ (హాజరు మినహాయింపు) ఫీజు ఉంటుంది. 65 కంటే తగ్గితే ఏ పరిస్థితిలోనూ మినహాయింపు లేదని నిబంధనే చెబుతోంది. మీ కోర్సు నిబంధనల పుస్తకం వెబ్‌సైట్‌లో ఉంటుంది. మీరు చేరిన సంవత్సరానికి వర్తించేదే తీసుకోండి, 2018లో చేరినవాళ్ల నుంచి ఆర్18, 2022లో చేరినవాళ్ల నుంచి ఆర్22 అంటూ వేర్వేరుగా ఉంటాయి.

ఇప్పుడు లెక్క చూడండి. సెమిస్టర్‌లో 400 పీరియడ్లు జరిగితే 300 హాజరు కావాలి. మీరు 270 హాజరయ్యారంటే 67.5 శాతం. మీరు మినహాయింపు పరిధిలో ఉన్నారు. డెంగీతో పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉన్నట్టు డిశ్చార్జి సమ్మరీ ఇచ్చారు, కమిటీ దాన్ని చూడనే లేదు, లేదా చూసి కారణం చెప్పకుండా పక్కన పడేసింది. ఇది మంచి కేసు. ఎందుకంటే మీరు కోర్టును అడిగేది మార్కులో హాజరో ఇవ్వమని కాదు, నిబంధన ఇచ్చిన అధికారాన్ని కమిటీ వాడాలని మాత్రమే. పక్క సెక్షన్‌లో మీకంటే తక్కువ హాజరున్న అబ్బాయికి మినహాయింపు ఇచ్చారని ఆధారం ఉంటే అందరినీ సమానంగా చూడాలనే 14వ అధికరణ కూడా తోడవుతుంది. అయితే అతనికి నిబంధనకు విరుద్ధంగా ఇచ్చి ఉంటే అదే తప్పు మీకూ చేయమని అడగలేరు.

వైద్య ఆధారాల్లోనూ తేడాలున్నాయి. గాంధీ, ఉస్మానియా, నిమ్స్ వంటి చోట్ల చేరినప్పటి కేస్ షీటు, పరీక్షల రిపోర్టులు, మందుల బిల్లులు ఒక కథ చెబుతాయి. డిటెన్షన్ లిస్టు పడ్డ మర్నాడు వీధి చివరి క్లినిక్‌లో రాయించుకున్న సర్టిఫికెట్ ఇంకో కథ చెబుతుంది. జడ్జిగారికి ఈ రెండూ కొత్త కాదు.

ఆలస్యంగా స్పాట్ అడ్మిషన్‌లో చేరినవాళ్లు మీ చేరిక తేదీకి ముందు జరిగిన క్లాసులను కూడా మీ ఖాతాలో వేశారా అని అడగండి. ఎన్‌సీసీ, యూనివర్సిటీ క్రీడల రోజులు లెక్కకు వచ్చాయా చూసుకోండి. బయోమెట్రిక్ ఉంటే దాని లాగ్, లెక్చరర్ రిజిస్టరు రెండూ అడగండి.

ఇక 65కు తగ్గినవాళ్లతో సూటిగా ఒక మాట. లెక్క తప్పని చూపించగలిగితేనే కోర్టుకు వెళ్లండి. లెక్క సరైనదే అయితే డబ్బు, సమయం రెండూ వృథా. ఏపీ క్రిస్టియన్స్ మెడికల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసు మన ఉమ్మడి రాష్ట్రం నుంచి వెళ్లిందే. అనుమతి లేని మెడికల్ కాలేజీలో చేరిన విద్యార్థులను పరీక్షలకైనా కూర్చోనివ్వమని వేడుకుంటే, తాను ఏ చట్టం వల్ల పుట్టిందో ఆ చట్టాన్నే మీరమని యూనివర్సిటీని మేం ఆదేశించలేమని 1986లో సుప్రీంకోర్టు తేల్చింది. 1998లో సీబీఎస్ఈ, పి. సునీల్ కుమార్ కేసులో అనుబంధం లేని స్కూళ్ల పిల్లలను మధ్యంతర ఉత్తర్వులతో పరీక్షలకు అనుమతించడాన్ని కూడా తప్పుపట్టింది. ఆ వారం రోజులూ కోర్టు చుట్టూ తిరిగే బదులు రీ-రిజిస్ట్రేషన్ (ఆ సెమిస్టర్‌లో మళ్లీ చేరడం) ఎప్పుడో, ఏ సబ్జెక్టులు కలిసొస్తాయో, ఫీజు ఎంతో కనుక్కోవడం తెలివైన పని.

*ఫీజు కేసు.* ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని, ఆ డబ్బు కట్టాకే హాల్ టికెట్ అని కాలేజీలు పట్టుబట్టడం మన దగ్గర పాత జబ్బు. ఇక్కడ మీరు వెతకాల్సింది ఒక్కటే. పరీక్ష నిబంధనల్లో ట్యూషన్ ఫీజు బాకీని అనర్హతగా ఎక్కడైనా రాశారా? రాయకపోతే కాలేజీ తనకు తానే కొత్త షరతు కల్పించుకుందని వాదన. బాకీ వసూలుకు కాలేజీకి వేరే మార్గాలున్నాయి, పరీక్షను తాకట్టు పెట్టుకోనక్కర్లేదు అన్నది దానికి కొనసాగింపు. ఈ-పాస్ దరఖాస్తు నంబరు, మంజూరు స్థితి స్క్రీన్‌షాట్, మీరు కట్టిన రసీదులు పెట్టండి. నిజంగానే మీరు కట్టాల్సిన సొమ్ము కొంత ఉంటే దాచకండి. కట్టగలిగినంత కట్టి, మిగతాదానికి గడువు అడిగిన విద్యార్థిని కోర్టు వేరుగా చూస్తుంది.

ఇంటర్ పిల్లలకు ఈ విషయంలో కొంత ఊరట ఉంది. హాల్ టికెట్‌ను నేరుగా వెబ్‌సైట్ నుంచి దించుకుని, ప్రిన్సిపాల్ సంతకం లేకున్నా పరీక్ష రాయొచ్చని బోర్డు కొన్నేళ్లుగా చెబుతూ వస్తోంది. ముందు అది ప్రయత్నించండి, కోర్టు మాట తర్వాత.

*రిజిస్ట్రేషన్ జారిపోయిన కేసు.* మీరు గడువులోపు కట్టారు, కాలేజీ అప్‌లోడ్ చేయలేదు. నా దృష్టిలో అన్నిటికంటే బలమైన కేసు ఇదే, తప్పు మీది కాదు కనుక. రసీదు, బ్యాంకు స్టేట్‌మెంట్ చాలు. ఆలస్య రుసుముతో గడువు ఇంకా ఉంటే పంతానికి పోకుండా కట్టేయండి. "ఈ రుసుము కాలేజీ తప్పు వల్ల పడింది, అభ్యంతరంతో కడుతున్నాను, తిరిగి రాబట్టుకునే హక్కు నాకుంది" అని ఒక ఈమెయిల్ పెట్టండి. వెయ్యి రూపాయల కోసం ఏడాదిని పందెం కాయకండి.

*ఇచ్చి లాక్కున్న కేసు.* హాల్ టికెట్ ఇచ్చారు, పరీక్ష రాశారు, ఆ తర్వాత హాజరు తక్కువని రద్దు చేశారు. దీనికి శ్రీకృష్ణ, కురుక్షేత్ర యూనివర్సిటీ కేసు ఉంది, 1975 నాటిది. ఒక లా విద్యార్థి కథ. దరఖాస్తును పరిశీలించే అవకాశం ఉండగా పరిశీలించకుండా, పరీక్ష రాయనిచ్చిన తర్వాత అభ్యర్థిత్వం వెనక్కి తీసుకోవడం చెల్లదని సుప్రీంకోర్టు అంది. మీరు అబద్ధం చెప్పో, దాచిపెట్టో హాల్ టికెట్ సంపాదించి ఉంటే మాత్రం ఈ తీర్పు మీకు పనికిరాదు.

కాపీ కొట్టారన్న ఆరోపణతో ఆపితే, విచారణ లేకుండా శిక్ష కుదరదని 1962లోనే ఘన్‌శ్యామ్ దాస్ గుప్తా కేసులో చెప్పారు. హాలు హాలంతా మూకుమ్మడి కాపీయింగ్ జరిగినప్పుడు ఒక్కొక్కరినీ పిలిచి వినక్కర్లేదన్నది 1970 నాటి మరో తీర్పు.

4. ఫిర్యాదు కమిటీ తలుపు తట్టండి, కానీ అక్కడే కూర్చోకండి

యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. ఫిర్యాదు అందిన 15 పని దినాల్లో అది నివేదిక ఇవ్వాలి. అక్కడ న్యాయం జరగకపోతే యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. పరీక్షకు నెల రోజులు ఉంటే ఈ దారి నిజంగా ప్రయత్నించదగ్గది, ఖర్చు లేదు.

పరీక్ష వచ్చే సోమవారం అయితే 15 పని దినాలు ఎక్కడి నుంచి తెస్తాం? అయినా ఫిర్యాదు ఈమెయిల్ పెట్టండి. "వేరే మార్గం ఉండగా నేరుగా ఇక్కడికి వచ్చారు" అన్న అభ్యంతరానికి అది సమాధానం. దానితోపాటు, సహజ న్యాయ సూత్రాలను (అవతలివాళ్ల మాట వినాలి వంటివి) తుంగలో తొక్కినప్పుడు ప్రత్యామ్నాయ మార్గం ఉన్నా రిట్ వేయొచ్చని 1998లో వర్ల్‌పూల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

సమాచార హక్కు దరఖాస్తు కూడా ఒకటి వేసి ఉంచండి, యూనివర్సిటీకి. జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది కనుక ఈ పరీక్షకు అందకపోవచ్చు. కానీ ప్రధాన పిటిషన్ విచారణకు వచ్చేసరికి ఆ జవాబు ఉపయోగపడుతుంది.

5. లాయరు, కాగితాలు, పిటిషన్

హైకోర్టులో విద్యా రంగపు రిట్లు వేసే లాయర్లను వెతకండి. ఇంటి దగ్గరి సివిల్ కోర్టు లాయరు మంచివాడే కావచ్చు, కానీ ఈ పనికి రోజువారీ హైకోర్టు అలవాటు కావాలి. ఫీజు ముందే మాట్లాడుకోండి. మధ్యంతర ఉత్తర్వు దాకానా, కేసు చివరిదాకానా అన్నది స్పష్టంగా అడగండి.

ఫీజు ఇచ్చుకోలేకపోతే ఉచిత న్యాయ సహాయం ఉంది. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా అర్హులే. అంటే అమ్మాయిలందరూ అర్హులే. ఈ సంగతి తెలియక ఎంతోమంది అప్పు చేసి లాయరుకు కడుతున్నారు. హైకోర్టు ఆవరణలోనే న్యాయ సేవల కమిటీ ఉంది, 15100కు ఫోన్ చేసినా దారి చూపిస్తారు.

విద్యార్థికి 18 నిండకపోతే తండ్రి గానీ తల్లి గానీ సంరక్షకులుగా పిటిషన్ వేయాలి. ఇంటర్ కేసుల్లో తరచూ ఇదే పరిస్థితి.

ప్రతివాదులుగా ఉన్నత విద్యాశాఖ ముఖ్య కార్యదర్శి, యూనివర్సిటీ రిజిస్ట్రార్, కంట్రోలర్, కాలేజీ ప్రిన్సిపాల్ ఉండాలి. నిర్ణయం ఎవరిదో మొదటి మెట్టులోనే తేల్చుకోమన్నది ఇందుకే. యూనివర్సిటీని చేర్చకుండా కాలేజీ మీద మాత్రమే వేస్తే ఉత్తర్వు వచ్చాక కూడా "పోర్టల్ మా చేతిలో లేదు" అంటారు.

అఫిడవిట్‌లో కథ తేదీల వరసలో సాగాలి. మీకు వ్యతిరేకంగా ఉన్న సంగతి కూడా మీరే చెప్పేయండి. క్రితం సెమిస్టర్‌లో ఒకసారి మినహాయింపు తీసుకున్నారు, అండర్‌టేకింగ్ మీద సంతకం పెట్టారు, అలాంటివి. దాచిపెట్టి దొరికితే కేసులో బలం ఉన్నా పోతుంది. లాయరు డ్రాఫ్టు చూపించినప్పుడు ప్రతి తేదీ, ప్రతి అంకె మీరే సరిచూడండి. ప్రమాణం చేసి సంతకం పెట్టేది మీరు.

ప్రధాన అభ్యర్థన: పరీక్షకు అనుమతించకపోవడం చట్టవిరుద్ధమని, ఏకపక్షమని, 14వ అధికరణకు విరుద్ధమని ప్రకటిస్తూ మాండమస్ ఇవ్వాలి. దాంతోపాటు వేసే ఐ.ఏ. (కేసు తేలేలోపు ఉపశమనం కోరే దరఖాస్తు)లో మధ్యంతర అభ్యర్థన: రిట్ తేలేలోపు ఫలానా తేదీ నుంచి జరిగే పరీక్షలకు ఫీజు తీసుకుని, హాల్ టికెట్ ఇచ్చి, అనుమతించాలి. ఒక వెనకమెట్టు అభ్యర్థన కూడా పెట్టమనండి, కనీసం నా వినతిపత్రాన్ని పరీక్షల్లోపు పరిశీలించి కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలని. అనుమతి ఇవ్వడానికి సందేహించే జడ్జిగారు కూడా దీన్ని ఇవ్వడానికి వెనకాడకపోవచ్చు. పరీక్షకు పది రోజులుంటే అదే సగం విజయం. అదే ముందు రోజు అయితే దానివల్ల ఒరిగేదేమీ ఉండదు.

6. కోర్టు రోజు

హైకోర్టు ఇప్పటికీ మూసీ ఒడ్డున, మదీనా దగ్గర, 1920లో నిజాం కాలంలో ప్రారంభమైన పాత భవనంలోనే నడుస్తోంది. ఎంజీబీఎస్ మెట్రోలో దిగితే దగ్గర. ఆధార్ కార్డు, కాలేజీ ఐడీ దగ్గర పెట్టుకోండి. మామూలుగా మీరు మాట్లాడాల్సిన పని ఉండదు, అయినా ఒక అంకె కోసం లాయరు వెనక్కి తిరిగి చూస్తే మీరు అక్కడ ఉండాలి.

కేసు ఫైల్ చేసి, నంబరయ్యి, లిస్టులో రావడానికి సమయం పడుతుంది. అంత సమయం లేనప్పుడు లంచ్ మోషన్. పొద్దున కోర్టు మొదలవగానే లాయరు లేచి అత్యవసరమని చెబుతారు, జడ్జిగారు ఒప్పుకుంటే ప్రభుత్వ ప్లీడరుకు, యూనివర్సిటీ స్టాండింగ్ కౌన్సిల్‌కు కాపీలిచ్చి, భోజన విరామం తర్వాత వాదిస్తారు. సెలవు రోజుల్లో మరీ తప్పనిసరైతే హౌస్ మోషన్, అంటే జడ్జిగారి ఇంటి దగ్గరే అత్యవసర విచారణ, ఉంటుంది. ఈ రెండింటికీ మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు?" డిటెన్షన్ లిస్టు పడి మూడు వారాలైతే దీనికి జవాబు చెప్పడం కష్టం. లిస్టు మొన్న పడింది, నిన్న వినతిపత్రం ఇచ్చాం, ఇవాళ వచ్చాం అంటే ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది.

మే నెలలో జాగ్రత్త. వేసవి సెలవుల్లో వెకేషన్ కోర్టు ఏ రోజుల్లో కూర్చుంటుందో నోటిఫికేషన్ ముందే వస్తుంది. సెమిస్టర్ పరీక్షలు సరిగ్గా ఆ రోజుల్లోనే పడుతుంటాయి. దసరా, సంక్రాంతి సెలవులూ అంతే.

ఇంట్లో పెద్దవాళ్లకు ఒక మాట. ఈ నాలుగైదు రోజులు పిల్లల ముందు "ఏడాది పోయింది, పరువు పోయింది" అని పదే పదే అనకండి. కేసు లాయరు చూసుకుంటాడు, వాళ్లు చదువుకోవాలి, తినాలి, పడుకోవాలి. మరీ కుంగిపోతున్నట్టు కనిపిస్తే టెలీమానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

7. ఉత్తర్వు వచ్చాక

మధ్యంతర ఉత్తర్వు వస్తే స్వీట్లు పంచకండి. ముందు దాన్ని అమలు చేయించుకోవాలి. లాయరును "సీసీ టుడే" అడగమనండి, అంటే సర్టిఫైడ్ కాపీ అదే రోజు ఇప్పించమని. కాపీ చేతికొచ్చేలోపు ఉత్తర్వు సారాంశంతో లాయరు లెటర్‌హెడ్ మీద ఉత్తరం ప్రిన్సిపాల్‌కు, కంట్రోలర్‌కు ఈమెయిల్‌లో వెళ్లాలి. కాపీ రాగానే ఇన్‌వర్డ్ చేయించండి. అవసరమైతే యూనివర్సిటీ పరీక్షల విభాగానికి మీరే పట్టుకెళ్లండి.

తర్వాత ఉత్తర్వును నిదానంగా చదవండి. సాధారణంగా అందులో రెండు మాటలుంటాయి. ఈ అనుమతి రిట్ తుది తీర్పుకు లోబడి ఉంటుందని, దీనివల్ల విద్యార్థికి ప్రత్యేక హక్కేదీ రాదని. కొన్నిసార్లు ఫలితం ప్రకటించకుండా ఆపి ఉంచమని కూడా ఉంటుంది. పరీక్ష రాసేశాం కనుక ఇక ఎవరూ ఏం చేయలేరన్న ధీమాతో చాలామంది కేసును వదిలేస్తారు. రిట్ కొట్టేస్తే రాసిన పరీక్ష చెల్లదు. ఫలితం ఆగిపోయి పై సెమిస్టర్‌కు, ప్లేస్‌మెంట్‌కు అడ్డం వస్తే ఫలితం విడుదల చేయాలని మరో ఐ.ఏ. వేయాలి, ప్రధాన పిటిషన్‌ను త్వరగా విచారణకు తెమ్మని కోరాలి. కాలేజీ కౌంటర్ (మీ పిటిషన్‌కు జవాబుగా వేసే అఫిడవిట్) వేసిందా, అందులో హాజరు రిజిస్టరు జతచేసిందా అని లాయర్ని అడుగుతూ ఉండండి. ఆ రిజిస్టరులో మీరు లేని రోజు ఉన్నట్టు, ఉన్న రోజు లేనట్టు కనబడితే రిప్లై అఫిడవిట్‌లో చూపించాల్సింది మీరే. కేసు పరిస్థితి హైకోర్టు వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి చూసుకోవచ్చు.

మధ్యంతర అనుమతి ఇవ్వకపోయినా, రిట్ కొట్టేసినా హైకోర్టు అధికారాలను చెప్పే లెటర్స్ పేటెంట్ 15వ క్లాజు కింద ఇద్దరు జడ్జిల బెంచి ముందు రిట్ అప్పీలు ఉంది, గడువు 30 రోజులు. పరీక్ష దగ్గర్లో ఉంటే అంతసేపు ఆగడంలో అర్థం లేదు, మర్నాడే వేయాలి.

ఉత్తర్వు ఉన్నా కాలేజీ లోపలికి రానివ్వకపోతే గేటు దగ్గర వాదన పెట్టుకోకండి. ఎన్ని గంటలకు వచ్చారో, ఎవరితో మాట్లాడారో రాసుకోండి, వీలైతే ఫొటో తీసుకోండి, వెంటనే లాయరుకు ఫోన్ చేయండి. అదే రోజు కోర్టు దృష్టికి తెస్తే తర్వాతి పేపరుకైనా దారి దొరుకుతుంది. ధిక్కార పిటిషన్‌కు ఏడాది గడువుంది కనుక అది తర్వాత వేసుకోవచ్చు. రాయలేకపోయిన పేపరుకు ఏం చేయాలన్నది మాత్రం ఆలస్యం చేయకుండా, ప్రత్యేక పరీక్ష పెట్టాలనో, వచ్చే సప్లిమెంటరీని రెగ్యులర్‌గా లెక్కించాలనో అదే రిట్‌లో ఐ.ఏ. వేసి అడగండి.